పది నుంచి నాలుగు

'మేనేజరు దొరస్వామి నాయుడు గారికి' అని రాసి
పెన్నుకు మూత పెట్టేసినాను.
బయట బెంగళూరా కాయల ట్రాక్టర్లు
గుడిపాల రోడ్డు దాకా నిలబడుండాయి.
డ్రైవర్లు చక్రాల నీడలో పండుకోనుండారు.
వాళ్లకు నిద్ర అంత సుళువుగా ఎట్ల వస్తాదో.

మొదటి కాగితంలో కడుపునొప్పి అని రాసినా.
రెండోదాంట్లో అమ్మకు కాలు విరిగిందని.
అమ్మ పోయి ఆరేళ్లు.
లేని కాలు విరగ్గొట్టడానికి చెయ్యి రాలేదు.
ఇది మూడోది.

అయ్యా,
నేను మీ ల్యాబులో గుజ్జు తీపి కొలిచే మనిషిని.
గాజు మీద ఒక చుక్క, వెలుతురుకేసి ఒక కన్ను,
పద్నాలుగంటే పద్నాలుగే.
నన్ను కూడా కొలుస్తారు, నెలకొకసారి.
చిత్తూరు బస్టాండులో ఐదున్నర బండెక్కి
రాయవేలూరు పోతాను.
మోచేతి మడతలో సూది, రక్తంలో లిథియం.
సున్నా పాయింట్ ఏడుంటే
నేను మీకు తెలిసిన మనిషిని.

పోయినేడు సీజన్లో నైటు షిఫ్టులు వరసగా పదకొండు.
ఐదో రాత్రి నిద్ర నన్ను వదిలేసి పోయింది.
నేనూ పిలవలేదు.
మీకు గుర్తుండే ఉంటాది,
మిషను పక్కనబెట్టి నాలికతోనే తీపి చెప్పినాను,
డ్రమ్ముల మీద సుద్దముక్కతో
అంకెలు వేసుకుంటా పోయినాను.
అందరూ నవ్వినారు. మీరు భలే అన్నారు.
సగం అంకెలు సరిపోయినాయి కూడా.
ఆ సగమంటేనే నాకు ఇప్పటికీ భయం.

ఆగస్టులో గుజ్జంతా డ్రమ్ములకెక్కి గేటు మూసినాక
నేను మంచమెక్కినాను.
దువ్వెన కిటికీలో ఉండాది.
మంచానికీ కిటికీకీ నాలుగడుగులు.
ఇరవై రెండు రోజులు పట్టింది.

అందువల్ల తమరికి మనవి చేసుకొనేది ఏమనగా
పది నుంచి నాలుగు. రాత్రి షిఫ్టు వద్దు.
జీతం ఎంత తగ్గుతాదో లెక్కేసుకున్నాను.
బియ్యం తగ్గించను, మందులు తగ్గించలేను,
చీటీ ఒకటి ఆపేస్తాను.
నిద్ర నాకు విశ్రాంతి కాదయ్యా, మాత్ర.
పూట తప్పకూడని మాత్ర.

ఆయన చదివినారు.
అద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చదివినారు.
ఫ్యానుగాలికి కాగితం లేస్తా ఉంటే
దాని మీద బ్రిక్స్ రిజిస్టరు పెట్టినారు.
"అల్సరని రాద్దామా?" అన్నారు మెల్లగా.
"చెన్నైలో పెద్దాఫీసోళ్లకు కడుపంటే అర్థమవుతాది.
ఇదంటే..."
తల దగ్గరికి చెయ్యి తీసుకుపోయి
మధ్యలో మర్చిపోయినట్టు మీసం దువ్వుకున్నారు.
మంచి మనిషే.
చెడ్డోడైతే జవాబు ఇంత కష్టమయ్యేది కాదు.

నాకు దాహం. ఆ మందుకు ఎప్పుడూ దాహమే.
ఆయన గ్లాసే తీసుకొని తాగేసినాను.
వేళ్లు వణికి కాగితం మీద రెండు చుక్కలు పడినాయి,
దొరస్వామి అనే చోట.
జబ్బు పేరు మీద పడలేదు.

"సార్, పదమూడొచ్చిన గుజ్జుకు
పద్నాలుగని రాస్తే ఒప్పుకుంటారా?"
ఆయన కిటికీలోంచి ట్రాక్టర్లకేసి చూసినారు.
"సీజన్లో ఒకోసారి ఒప్పుకుంటామమ్మా."
ఇద్దరం నవ్వేసినాం.
సంతకం మాత్రం నా కాగితం మీదే పెట్టినారు.
కింద చిన్న అక్షరాల్తో 'సీజను వరకు' అని.
ఆమీట ఏమో, ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

నాలుక్కు గేటు దాటినాను.
ఎండ ఇంకా కాస్తానే ఉండాది.
జూన్ నెలలో నాలుగు గంటల ఎండ
ఎట్లుంటాదో చూసి ఎన్నేళ్లయిందో.
తొక్కల గుట్ట మీద ఈగలు.
టెంకలు ఏరే కుప్పమ్మ తలెత్తి
"ఏం మే, అప్పుడేనా?" అనింది.
"అప్పుడే," అన్నాను. "నిద్రపోవాల."
ఇంకేమైనా అడుగుతాదని నిలబడినాను.
చెయ్యి కొంగుకు తుడుచుకొని ఒక కాయ ఇచ్చింది.

దారిలో కొరికినాను.
పన్నెండు ఉంటాదేమో అనుకొని
ఆ అంకెను ఆడనే
రోడ్డు మీద వదిలేసినాను.